అద్దెలో ఇంటి వాటా



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. కట్టిన ఇంటిని అద్దెకిచ్చి చూడు అన్న మాట కూడా దాంతోపాటు చేర్చి ఉంటే బాగుండేది. ఎందుకంటే కట్టడం ఏడాదో రెండేళ్ళో. పెళ్ళి ఐదు రోజులు, ఈ కాలంలో ఒక్క పూట. ఇల్లు అద్దెకివ్వడం మాత్రం మనం ఉన్నన్నాళ్ళూ చేసే పని.

నేనివాళ చెప్పబోయేది వీధికి పది మేడలున్న ఆసాముల సంగతి కాదు. కింద తాముండి, పైన ఒకటో రెండో వాటాలు అద్దెకిచ్చుకునే మనబోటి వాళ్ళ సంగతి. మన ఊళ్ళలో ఇలాంటి ఇళ్ళే ఎక్కువ. ఆయన రిటైరయినప్పుడు వచ్చిన డబ్బు పెట్టి పై అంతస్తు వేసినవాళ్ళు, పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన చిన్న ఇంటిని బాగుచేయించుకున్నవాళ్ళు, పింఛను లేని ఉద్యోగం చేసిన భర్త పోయాక ఆ అద్దె మీదే నెట్టుకొస్తున్న ఆడవాళ్ళు. వీళ్ళకి అద్దె అంటే సరదా డబ్బు కాదు. పాలవాడికి, మందుల షాపుకి, మనవడి స్కూలు ఫీజుకి వెళ్ళే డబ్బు.

ఆ డబ్బు దగ్గరే అసలు పేచీ ఉంది. ఒకటో తారీఖున చేతిలో పడ్డ అద్దె అంతా మనదే అనుకుంటాం. అందులో ఇంటి వాటా ఒకటి ఉంటుందని, దాన్ని ముందు తీసి పక్కన పెట్టాలని ఎవరూ చెప్పరు.

ఒక లెక్క చూద్దాం. రెండు వాటాలున్నాయి, ఒక్కోటి ఎనిమిది వేలు అనుకోండి. నెలకు 16,000. ఏడాదికి 1,92,000. ఈ పన్నెండు నెలల్లో రెండు నెలల అద్దె ఇంటిది అంటాను నేను. అంటే 32,000. ఒక నెలది ఇంటిపన్నుకి, కుళాయిలకి, మోటారుకి, ఖాళీగా ఉన్న రోజులకి. రెండో నెలది అసలు ముట్టుకోకుండా పోస్టాఫీసులోనో బ్యాంకులోనో పెరుగుతూ ఉండాలి. నాలుగైదేళ్ళకోసారి బయటి రంగులు, పదేళ్ళకోసారి స్లాబు పని వస్తాయి. అవి చెప్పి రావు, వచ్చినప్పుడు వేలల్లో వస్తాయి. ఇంటి వాటా పోగా మనకి మిగిలేది 1,60,000. నెలకు పదమూడు వేల పైచిలుకు. కాబట్టి ఇంటి ఖర్చుల పద్దులో 16,000 అని రాసుకోకండి, 13,000 అని రాసుకోండి.

మా పేటలో ఒకావిడ ఉన్నారు. భర్త హఠాత్తుగా పోయాడు. మూడు వాటాల అద్దె తప్ప మరో ఆధారం లేదు. పిల్లల చదువులకి అంతా సరిపోయింది, ఇంటికి ఒక్క రూపాయి మిగలలేదు. పైన నీళ్ళ ట్యాంకు పొంగి డాబా మీద పారుతుంటే రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకున్నారు. మూడో ఏట వానాకాలంలో ఒక వాటాలో స్నానాలగది పైకప్పు నుంచి పళ్ళెమంత పెచ్చు ఊడి పడింది. దేవుడి దయవల్ల ఆ వేళకి లోపల ఎవరూ లేరు. కానీ ఆ అద్దెవారు నెలలోపల ఖాళీ చేశారు. ఆ కబురు విని పక్కవాటావారూ వెళ్ళిపోయారు. రెండు వాటాలు ఐదు నెలలు ఖాళీ. మరమ్మతుకి చేతిగాజులు బ్యాంకులో పెట్టవలసి వచ్చింది. ట్యాంకులో నీళ్ళు నిండితే తనంతట తానే మూసుకునే బంతి వాల్వు వేయించుకుని ఉంటే ఆ ఖర్చు కొన్ని వందలతో పోయేది.

స్లాబు ఎందుకు పెచ్చులూడుతుందో తెలుసుకుంటే మేస్త్రీ చెప్పేది మనకీ అర్థమవుతుంది. కాంక్రీటు లోపల ఇనుప కడ్డీలుంటాయి. సన్నటి పగుళ్ళలోంచి నీళ్ళు దిగి ఆ కడ్డీని తాకితే తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అలా లోపల ఉబ్బి, కింది కాంక్రీటును బయటికి నెడుతుంది. అదే పెచ్చు. కాబట్టి పెచ్చు ఊడిన చోట ఊరికే సిమెంటు పూసి రంగు వేస్తే రోగం లోపలే ఉంటుంది. తుప్పంతా గీకించి, కడ్డీకి తుప్పు పట్టని పూత వేయించి, ఆ తరవాతే సిమెంటు. దానికంటే ముందు పైన నీళ్ళు దిగే దారి మూయించాలి. పైన మానకుండా కింద ఎన్నిసార్లు పూసినా దండగ.

వైశాఖంలో, మొదటి వాన పడకముందే, చీపురు తీసుకుని డాబా ఎక్కండి. మోకాళ్ళనొప్పులుంటే కోడల్నో కొడుకునో పంపండి. తూముల దగ్గర ఎండుటాకులు, పగిలిన గాలిపటాలు, పావురాల ఈకలు పేరుకుని ఉంటాయి. అవి తీసేస్తే సగం కాపాడుకున్నట్టే. నాలుగు బిందెల నీళ్ళు పోసి ఎటు పోతున్నాయో చూడండి. ఎక్కడైనా మడుగు కట్టి నిలిచిందా, ఆ చోటు సుద్దముక్కతో గీసి పెట్టుకోండి. మేస్త్రీకి చూపించవలసింది అదే. కోస్తావాళ్ళం ఆశ్వయుజ కార్తీకాల్లో తుపాన్లు కూడా చూస్తాం గనుక దసరాకి ముందు మరోసారి ఎక్కాలి.

పిట్టగోడలోనో ట్యాంకు పక్కనో రావిమొక్క మొలిస్తే మనవాళ్ళు పీకరు. దేవతావృక్షం అంటారు. కాదనను. వేళ్ళు తెగకుండా జాగ్రత్తగా తీసి గుడి దగ్గరో చెరువుగట్టునో నాటిరండి. రెండాకులప్పుడైతే చేత్తో వస్తుంది. మోచెయ్యంత లావయ్యాక గోడ పగలగొట్టవలసి వస్తుంది.

గోడమీద చెమ్మ కనిపిస్తే అది వానదా, గొట్టానిదా అన్నది ముందు తేల్చుకోవాలి. వానలప్పుడే పెరిగి ఎండల్లో ఆరిపోతే డాబాది. మండువేసవిలో కూడా తడిగా ఉంటే పై వాటా స్నానాలగది గొట్టంది. ఫ్లష్ ట్యాంకు కారుతోందేమోనని అనుమానముంటే బట్టలకు పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి పావుగంట ఆగండి. నొక్కకుండానే కింద నీలం కనిపించిందంటే లోపలి వాషరు పోయినట్టే. కుళాయి సెకనుకో చుక్క కారినా నీళ్ళు వృథా అయే లెక్క. మోటారు అదనంగా తిరుగుతుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది. వాషరు ఖరీదు ఎంత చెప్పండి?

కరెంటు మాటకొస్తే, ఒకే మీటరు మీద మూడు వాటాలు నడిపి, బిల్లు తలా ఇంత అని పంచడం చాలా ఇళ్ళలో చూస్తున్నాను. ఇది తగాదాలకి మూలం. పైగా నష్టం. వాడే యూనిట్లు పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుంది గదా. ముగ్గురి వాడకం ఒకే మీటరు మీద పడితే అందరూ పై ధరలోకి ఎక్కుతారు. వాటాకో మీటరు తీసుకోండి. మొదట ఖర్చనిపించినా నెలనెలా ఉండే సణుగుడు పోతుంది. అలాగే కరెంటు ఎక్కడైనా లీకయితే తక్షణం తనంతట తానే ఆపేసే బ్రేకరు ప్రతి వాటాకీ పెట్టించండి. గీజరు, వాషింగ్ మెషిన్ లేని ఇల్లు ఇప్పుడు లేదు. అద్దెవారి పిల్లలూ పిల్లలే.

నీళ్ళ గురించి ఇంకోమాట. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ చుట్టుపక్కల కింది అంతస్తులు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయిన సంగతి మీకు తెలుసు. అప్పుడు ఇంటివారికీ అద్దెవారికీ మధ్య ఎన్ని మాటలు నడిచాయో! మోటారు ఎవరు బాగు చేయించాలి, ఉండని నెలకి అద్దె ఎందుకివ్వాలి అని. గోడలు, వైరింగు, మోటారు, సంపు ఇంటివారివి. అద్దెవారి సామాను వారిది. ఇక ఆ నెల అద్దె మాట కాగితంలో రాసుకోకపోతే మనిషితనం మీదే ఆధారపడాలి. నన్నడిగితే, మంచాలు, పుస్తకాలు, బియ్యం బస్తా పోగొట్టుకుని వీధిలో నిలబడ్డవాళ్ళని అద్దె అడగడానికి నోరెలా వస్తుంది? వదిలేసుకున్నవారి ఇళ్ళలో అద్దెవారు తిరిగి వచ్చి చేరారు. పట్టుబట్టినవారికి ఆ నెలా రాలేదు, తరవాతి నెలలూ రాలేదు.

వరద తీశాక తొందరపడి రంగులు వేయించకండి. ఇటుక నీళ్ళు పీల్చుకుంటుంది. లోపల తడి ఆరకుండా వేస్తే రంగు పొక్కి, తెల్లటి ఉప్పు బయటికొచ్చి రాలిపోతుంది. సంపు తోడించి, కడిగించి, బ్లీచింగు వేశాకే నీళ్ళు పట్టాలి. ఎలక్ట్రీషియన్ చూడనిదే మెయిన్ స్విచ్ వేయకూడదు. పల్లపు ప్రాంతాల్లో కొత్తగా వైరింగు చేయిస్తున్నవాళ్ళు ప్లగ్గులు నడుం ఎత్తుకు పైన పెట్టించుకుంటే మేలు.

ఇక ఇంట్లోకి ఎవరిని రానిచ్చుకోవాలన్నది. టు-లెట్ బోర్డు చూసి ఎవరో గేటు దగ్గర నిలబడగానే మనలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న, మీరేమిట్లు అని. రెండోది, ఒక్కరేనా అని. కులం తెలిసినంత మాత్రాన అద్దె ఒకటో తారీఖున వస్తుందా? ఒంటరిగా ఉద్యోగం చేసుకుంటున్న ఆడపిల్ల, భర్త లేని టీచరమ్మ, రాత్రి డ్యూటీలుండే నర్సు ఇల్లు దొరక్క వీధులు తిరగడం చూస్తుంటే నాకు కష్టంగా ఉంటుంది. నా ఎరికలో ఏళ్ళ తరబడి కదలకుండా, గోడకి మేకు కొట్టకుండా ఉన్నది వాళ్ళే. అడగవలసినవి వేరే ఉన్నాయి. ఎక్కడ పనిచేస్తున్నారు, ఎంతమంది ఉంటారు, ఇప్పుడుంటున్న ఇల్లు ఎందుకు వదులుతున్నారు. వీలైతే ఆ పాత ఇంటివారినే ఒకమాట అడగండి. ఆధార్ నకలు తీసుకోండి. అది మొహమాటపడవలసిన విషయం కాదు.

ఖాళీ అయ్యే నెల కూడా చూసుకోవాలి. మనవాళ్ళు ఆషాఢంలో ఇల్లు మారరు, పుష్యంలో మారరు, మూఢమంటే మారరు. బడులు తెరిచే ముందు, అంటే మే నెలాఖరు, జూన్ మొదట్లో అడిగేవాళ్ళు ఎక్కువ. జూన్ దాటి ఆషాఢం పెట్టాక ఖాళీ అయిన వాటా శ్రావణం దాకా అలాగే తాళం వేసి ఉంటుంది. అందుకని ఒప్పందం గడువు చైత్ర వైశాఖాల్లో ముగిసేలా రాసుకోండి. నమ్మకాలు మనకి లేకపోయినా వచ్చేవాళ్ళకి ఉంటాయి గదా!

కాగితం దగ్గర ఒక పాత అలవాటు ఉంది. పదకొండు నెలలకి రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని. దేశంలో చాలాచోట్ల అది నిజమే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజులకే తప్పనిసరి. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో చేసిన సవరణతో కాలం ఎంతయినా లీజు రిజిస్టరు చేయించవలసిందే అయింది. ఇది చాలామందికి తెలియదు. స్టాంపు కాగితం మీద రాసుకుని బీరువాలో పెట్టుకుంటే అంతా అయిపోయిందనుకుంటారు. కోర్టుదాకా వెళితే ఆ కాగితానికి బలం ఎంతో అప్పుడు తెలుస్తుంది. ఖర్చెంతవుతుందో మీ ఊరి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కోండి.

ఒప్పందం కంటే రోజువారీగా పనికొచ్చేది ఇంకోటుంది. వాటాకో రెండువందల పేజీల నోటుబుక్కు. చేరిన రోజున ఫ్యాన్లెన్ని, కుళాయిలెన్ని, తాళంచెవులెన్ని, మీటరు రీడింగు ఎంత, ఏ కిటికీ అద్దం అప్పటికే పగిలి ఉంది, అన్నీ రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. చేతిలో ఫోనుంది కాబట్టి గదిగదికీ ఫొటో తీసుకోండి. అద్దె నగదుగా తీసుకుంటే రసీదివ్వండి. 5,000 దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి. ఏ మరమ్మతు ఎప్పుడు, ఎవరు, ఎంతకి చేశారో కూడా అందులోనే రాస్తే, రెండేళ్ళ తరవాత ఆ మోటారు మేస్త్రీ కొత్తగా వైండింగు కట్టాలంటే మన దగ్గర జవాబుంటుంది.

అడ్వాన్సు సంగతి. మన ఊళ్ళలో మామూలుగా రెండు మూడు నెలలది తీసుకుంటారు. కేంద్రప్రభుత్వం 2021లో రాష్ట్రాలకి పంపిన నమూనా అద్దె చట్టంలో కూడా నివాసపు ఇళ్ళకి రెండు నెలలకు మించకూడదనే ఉంది. అది మన డబ్బు కాదు, మన దగ్గర దాచుకున్న డబ్బు. విడిగా డిపాజిట్టు వేసి ఉంచండి. కొత్తవాళ్ళ అడ్వాన్సు వస్తేగాని పాతవాళ్ళకి ఇవ్వలేని స్థితి తెచ్చుకుంటే, సామాను లారీకెత్తి వాకిట్లో నిలబడ్డ మనిషికి ఏం చెబుతాం? అలాగే వెళ్ళేటప్పుడు పగలగొట్టినదానికి పట్టుకోండి. వాడకం వల్ల మాసినదానికి, వెలిసినదానికి పట్టుకోకూడదు. నాలుగేళ్ళు కాపురమున్న గోడ కొత్తపెళ్ళికూతురిలా ఉండదు. ఆస్తి బదిలీ చట్టంలో కూడా సహజమైన అరుగుదల అద్దెవారి పూచీ కాదనే ఉంది.

ఏడాది తిరగ్గానే అద్దె పెంచడం మామూలే. పెంచవద్దనను, ధరలు మనకీ పెరుగుతున్నాయి. కానీ లెక్క చూసుకుని పెంచండి. ఎనిమిది వేలకి ఐదుశాతమంటే నాలుగొందలు. ఒప్పుకున్నారు. మీరు పదిశాతం, అంటే ఎనిమిదొందలు కావాలని పట్టుబట్టారనుకోండి. ఆ అదనపు నాలుగొందలు ఏడాదికి 4,800. దానికోసం వాళ్ళు వెళ్ళిపోయి ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే 8,000 పోయె. లోపల రంగులకి ఓ ఆరు వేలు వేసుకోండి. మొత్తం 14,000. ఆ నాలుగొందల చొప్పున ఇది తిరిగి రావడానికి దాదాపు మూడేళ్ళు పడుతుంది. ఆ వచ్చేవాళ్ళు ఎలాంటివాళ్ళో తెలియదు. బ్రోకరుకిచ్చేది నేనిందులో కలపనేలేదు.

సరిగా ఇవ్వనివారి మాటేమిటంటారా? రెండోనెల దాటనివ్వకండి. మొదటి నెల మాటతో, రెండో నెల రాతతో అడగాలి. ఖాళీ చేయమనాలంటే నెలవారీ అద్దెకి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం పదిహేను రోజుల నోటీసు ఉండాలి. దానిపైన మన రాష్ట్రాల అద్దె చట్టాల నిబంధనలు కూడా ఉంటాయి, కాబట్టి అక్కడికొస్తే వకీలుని అడిగి చేయండి. అంతేగాని మోటారు ఆపేయడం, ఫ్యూజు పీకడం, తాళం మీద తాళం వేయడం చట్టం ఒప్పుకోదు. కోపంలో చేసిన ఆ పనితో బాకీ ఉన్నవాడు బాధితుడై, మనం ముద్దాయిలమవుతాం. ఇంటివారమైనంత మాత్రాన వాళ్ళ వంటగదిలో ఏం వండుతున్నారో, ఎన్నింటికి వచ్చారో చూసే హక్కు కూడా మనకి లేదు. మరమ్మతు చూడాలంటే ముందురోజు చెప్పి వెళ్ళండి.

ఇంటిపన్ను ఏప్రిల్ నెలలో ఏడాదిది మొత్తం కట్టేవారికి మునిసిపాలిటీలు 5 శాతం తగ్గించి తీసుకుంటున్నాయి. రసీదు జాగ్రత్త, ఆదాయపు పన్నుకి అది కావాలి. అద్దె ఆదాయంలో ఆ ఏడు కట్టిన ఇంటిపన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతుల వగైరా కింద వదిలేస్తారు. మీరు ఖర్చు పెట్టారా లేదా అని లెక్క అడగరు. ఇందాకటి 1,92,000లో ఇంటిపన్ను 6,000 అనుకుంటే మిగిలేది 1,86,000. అందులో 55,800 పోగా 1,30,200 మీదే లెక్క. చూశారా, ఇంటి వాటా సంగతి సర్కారు కూడా ఒప్పుకుంది!

ఇక్కడ ఆడవాళ్ళకి ప్రత్యేకంగా తెలియవలసినది ఒకటుంది. పుట్టింటినుంచి వచ్చిన ఇల్లయితే ఆ అద్దె మీ ఆదాయమే. మీ పాన్ కార్డు, మీ ఖాతా, మీ లెక్క. భర్త తన డబ్బుతో కొని భార్య పేర పెట్టిన ఇల్లయితే అద్దె భార్య ఖాతాలో పడ్డా పన్ను లెక్కకి అది భర్త ఆదాయంలోనే కలుస్తుంది. అద్దెవారు ఉద్యోగస్తులై, ఏడాదికి లక్షరూపాయలు దాటిన అద్దెకి పన్ను మినహాయింపు కోరుకుంటే ఇంటివారి పాన్ నంబరు అడుగుతారు. అప్పుడు ఎవరిదివ్వాలో తెలియక తడబడకుండా, దస్తావేజు ఎవరి పేర ఉందో, అది ఏ పెట్టెలో ఉందో ఈ సాయంత్రమే ఒకసారి తీసి చూసుకోండి.

అపార్టుమెంటులో ఫ్లాటు అద్దెకిచ్చేవారికి సంఘం వాళ్ళ నెలచందా, లిఫ్టు, జనరేటరు అని మరికొన్ని పద్దులుంటాయి. అది ఇంకో ప్రసంగమంత ఉంది, మరోసారి చెప్పుకుందాం. సెలవు.